పన్నెండు రోజుల్లో సౌత్ ఐలండ్: కిలోమీటర్లు కాదు, గంటలు లెక్కపెట్టుకోండి

ప్రశ్న: మావారికి యాభై రెండేళ్లు, నాకు నలభై ఎనిమిది. పిల్లలిద్దరూ చదువులకు వెళ్లిపోయారు. ఫిబ్రవరి నెలాఖరులో ఇద్దరమే న్యూజిలాండ్ సౌత్ ఐలండ్ వెళ్లి, కారు అద్దెకు తీసుకుని 12 రోజులు తిరగాలనుకుంటున్నాం. క్రైస్ట్‌చర్చ్‌లో దిగి టెకాపో, మౌంట్ కుక్, క్వీన్స్‌టౌన్, అక్కణ్ణుంచి ఒక్కరోజులో మిల్‌ఫర్డ్ సౌండ్‌కు వెళ్లిరావడం, తర్వాత వెస్ట్ కోస్ట్ మీదుగా పైకి నెల్సన్, పిక్టన్, కైకౌరా చూసుకుని మళ్లీ క్రైస్ట్‌చర్చ్. ఇదీ మావారి ప్లాన్. రోజుకు మూడొందల కిలోమీటర్లు ఒక లెక్కా అంటారాయన. నాకూ లైసెన్స్ ఉంది కానీ హైవే మీద ఎప్పుడూ నడపలేదు. కారు మేలా, క్యాంపర్‌వాన్ మేలా? టెకాపో చెరువు ఒడ్డున ఊదారంగు పూలు చూడాలని నాకెప్పటినుంచో కోరిక. పచ్చళ్లు, పొడులు పట్టుకెళ్లొచ్చా?

జవాబు: మీవారి జాబితాలో తీసిపారేయాల్సిన ఊరు ఒక్కటీ లేదు. అయినా నెల్సన్, పిక్టన్, కైకౌరా ఈసారికి వదిలేయండి. వాటిని ఉంచితే మిగిలినవన్నీ కారు అద్దంలోంచి చూసిన ఊళ్లే అవుతాయి.

అక్కడ మూడొందల కిలోమీటర్లంటే ఏమిటో చెబుతాం. హైవే అన్నమాటే గానీ చాలాచోట్ల అటొక వరస, ఇటొక వరస. మధ్యలో డివైడర్ ఉండదు. ఊరి బయట గరిష్ఠ వేగం గంటకు 100, ఊళ్లో సాధారణంగా 50. కానీ కొండదారుల్లో మలుపు మలుపుకీ పసుపు బోర్డు మీద 35, 45, 65 అని రాసి ఉంటుంది. ఆ మలుపును ఆ వేగంతో తిరిగితే భద్రమని దాని అర్థం. మొదటి రోజుల్లో దాన్ని అక్షరాలా పాటించండి. ఇలా నడిపితే సగటున గంటకు అరవై, డెబ్బై కిలోమీటర్లు పడుతుంది. ప్రతి ఇరవై నిమిషాలకీ ఆగి చూడాల్సింది ఒకటి ఎదురవుతుంది. మూడొందల కిలోమీటర్లకు రోజంతా పోతుంది. పైగా స్టీరింగ్ పట్టుకున్న మనిషికి రోడ్డు తప్ప ఏదీ కనిపించదు. ఇద్దరూ చూడాలని వెళ్తున్నారు కాబట్టి రోజుకు మూడు గంటలు, మహా అయితే నాలుగు గంటల డ్రైవింగ్‌కు మించకుండా ప్లాన్ వేసుకోండి.

మేమైతే ఇలా వేస్తాం. మొదటి రోజు క్రైస్ట్‌చర్చ్‌లో దిగి పడుకోవడమే, కారు తీసుకోవద్దు. ఫిబ్రవరిలో అక్కడి గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. రాత్రంతా విమానంలో గడిపి, వాళ్ల మధ్యాహ్నం మూడింటికి కళ్లు మూతలు పడుతుంటే కొత్త కారు నడపడం ప్రమాదం. రెండో రోజు టెకాపో, 225 కిలోమీటర్లు. మూడో రోజు మౌంట్ కుక్ గ్రామం, గంటన్నర దారి, రాత్రి అక్కడే. నాలుగో రోజు లిండిస్ పాస్ అనే కనుమ మీదుగా క్వీన్స్‌టౌన్, సుమారు 260 కిలోమీటర్లు. ఐదో రోజు అక్కడే ఉండి చెరువు వెంట గ్లెనార్కీ దాకా వెళ్లిరండి, ముప్పావుగంట దారి. ఆరో రోజు టె అనౌ, 170 కిలోమీటర్లు. ఏడో రోజు మిల్‌ఫర్డ్, కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన ఆ సముద్రపాయను పడవలో తిరిగి చూడాలి. ఎనిమిదో రోజు ఖాళీ, ఎందుకో కింద చెబుతాం. తొమ్మిదో రోజు వానకా. పదో రోజు హాస్ట్ పాస్ దాటి ఫాక్స్ గ్లేసియర్. పదకొండో రోజు హోకిటికా. పన్నెండో రోజు ఆర్థర్స్ పాస్ మీదుగా క్రైస్ట్‌చర్చ్ చేరి, మర్నాడు విమానం ఎక్కండి. అంతా కలిపి దాదాపు రెండు వేల కిలోమీటర్లు. కారు తీసుకున్న ఊళ్లోనే తిరిగి ఇస్తారు కాబట్టి వేరే ఊళ్లో వదిలినందుకు పడే ఛార్జీ ఉండదు.

ఈ ప్లాన్‌లో మేము గట్టిగా పట్టుబట్టేది టె అనౌలో మూడు రాత్రుల గురించే. క్వీన్స్‌టౌన్ నుంచి మిల్‌ఫర్డ్‌కు ఒకవైపు సుమారు 290 కిలోమీటర్లు, నాలుగు గంటలు. అదే రోజు వెనక్కి రావాలంటే ఎనిమిది గంటలు స్టీరింగ్ ముందే. తిరుగు ప్రయాణంలో పొద్దుగూకే వేళకు ఒంట్లో ఓపిక ఉండదు. అలా వెళ్లక తప్పకపోతే కారు క్వీన్స్‌టౌన్‌లో వదిలి బస్సు టికెట్ కొనుక్కోండి. టె అనౌ నుంచైతే దారి 120 కిలోమీటర్లే. ఆగకుండా వెళ్తే రెండు గంటల పైచిలుకు, ఆగుతూ వెళ్తే మూడు గంటలు.

ఆ ఉదయం ఏడింటికల్లా బయలుదేరండి. ముందురోజు రాత్రే టె అనౌలో ట్యాంకు నింపేసుకోండి, దారిలో బంకుల మీద ఆధారపడొద్దు. ఊరు దాటిన కాసేపటికే ఫోన్ సిగ్నల్ పోతుంది, మ్యాప్‌లు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకోవాలి. ఎగ్లింటన్ లోయ, మిర్రర్ లేక్స్ దాటాక దారి కొండల్లోకి ఎక్కుతుంది. చివర్లో హోమర్ టన్నెల్ వస్తుంది. 1954లో తెరిచిన ఈ సొరంగం పొడవు సుమారు 1.2 కిలోమీటర్లు. లోపల ఇరుకు, వెలుతురు తక్కువ, మిల్‌ఫర్డ్ వైపు పదికి ఒకటి చొప్పున దిగుడు. లోపలికి వెళ్లకముందే హెడ్‌లైట్లు వేసి, చలువ కళ్లద్దాలు తీసేయండి. వేసవి పగళ్లలో సిగ్నల్ పెట్టి ఒక్కోవైపు బండ్లను వదులుతారు. పదిహేను, ఇరవై నిమిషాలు ఆగాల్సి రావచ్చు, ఆ సమయాన్నీ లెక్కలో వేసుకోండి. పడవలు ఎవరి కోసమూ ఆగవు. కారు పెట్టిన చోటు నుంచి రేవు దాకా పది పదిహేను నిమిషాల నడక కూడా ఉంటుంది. క్వీన్స్‌టౌన్ బస్సులు మధ్యాహ్నానికి వచ్చి పడతాయి. అందుకని పది, పదిన్నర పడవ గానీ, మూడు దాటాక వెళ్లే పడవ గానీ ఎంచుకోండి.

వాన పడుతోందని మిల్‌ఫర్డ్ మానుకోవద్దు. అక్కడ ఏడాదికి ఆరు వేల మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఎండలో వెళ్తే స్టిర్లింగ్, బోవెన్ వంటి ఎప్పుడూ పారే జలపాతాలు కొన్నే కనిపిస్తాయి. వాన పడుతుంటే నిట్టనిలువు రాతిగోడల మీద వందల కొద్దీ కొత్త ధారలు పుడతాయి. ఆ రాతి మీద మట్టి పొర పలచన, నీటిని పీల్చుకోలేదు. అందుకే వాన వెలిసిన కొన్ని గంటలకే ఆ ధారలూ ఆగిపోతాయి. మానుకోవాల్సింది రోడ్డు మూసినప్పుడే. భారీ వానకు చెట్లు, రాళ్లు జారిపడతాయని ముందుగానే మూసేస్తారు. ఎనిమిదో రోజు ఖాళీగా ఉంచమన్నది అందుకే. ఏడో రోజు కుదరకపోతే ఎనిమిదో రోజు వెళ్తారు. కుదిరితే ఎనిమిదో రోజు టె అనౌ చెరువు ఒడ్డున కెప్లర్ ట్రాక్‌లో ఓ రెండు గంటలు చల్లగా నడిచిరండి. పడవ టికెట్ కూడా తేదీ మార్చుకునే వీలున్నదే కొనండి. రోడ్డు సంగతి అక్కడి రోడ్ల సంస్థ ఎన్‌జెడ్‌టీఏ వారి జర్నీ ప్లానర్‌లోనూ, వాతావరణం మెట్‌సర్వీస్‌లోనూ బయలుదేరే ముందు చూసుకోండి. చూసేటప్పుడు ఒక్క ఊరిది చూసి ఊరుకోవద్దు. పడమటి గాలి టాస్మన్ సముద్రం నుంచి తడి మోసుకొచ్చి సదరన్ ఆల్ప్స్‌కు కొట్టుకుని అటువైపే కుమ్మరిస్తుంది. మిల్‌ఫర్డ్‌లో కుండపోతగా ఉన్న రోజే టెకాపోలో పొడి ఎండ కాయొచ్చు.

ఇక మీ పూల సంగతి. ఫోటోల్లో కనిపించే ఆ ఊదా, గులాబీ పూలు లూపిన్లు. నవంబరు మధ్య నుంచి డిసెంబరు దాకా విరగబూస్తాయి. ఫిబ్రవరి చివరికి ఎండిన కాయలు మిగులుతాయి. పూలే ముఖ్యమనుకుంటే ప్రయాణాన్ని డిసెంబరు మొదటి వారాలకు జరుపుకోండి, మిగతా ప్లానంతా అలాగే పనికొస్తుంది. ఫిబ్రవరిలోనే వెళ్తామంటే టెకాపోలో రాత్రి ఆకాశం కోసం మేలుకోండి. ఆ ప్రాంతమంతా 2012 నుంచి డార్క్ స్కై రిజర్వ్, వీధి దీపాలక్కూడా ఆంక్షలుంటాయి. బయలుదేరే తేదీలు అమావాస్య దరిదాపుల్లో పడేలా చూసుకుంటే పాలపుంత కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

మౌంట్ కుక్ శిఖరం ఎత్తు 3,724 మీటర్లు. మబ్బు పట్టిందంటే రోజంతా దర్శనమివ్వదు. ఒక సాయంత్రం, ఒక ఉదయం రెండూ చేతిలో ఉంటే కనిపించే అవకాశం పెరుగుతుంది, రాత్రి అక్కడే ఉండమన్నది అందుకు. గ్రామంలో గదులు కొద్ది, ధర ఎక్కువ. దొరక్కపోతే సుమారు 65 కిలోమీటర్ల దూరంలో ట్వైజెల్ ఉంది. హుకర్ వ్యాలీ నడకదారి రానూపోనూ పది కిలోమీటర్లు, దాదాపు చదునే. అయితే వేలాడే వంతెనల పనులవల్ల కొంత భాగం మూసి ఉండొచ్చు. ఆ వారం ఎంతవరకు తెరిచి ఉందో డాక్ అని పిలిచే పర్యావరణ శాఖ కేంద్రంలో అడగండి. మోకాళ్లు సహకరిస్తే టాస్మన్ గ్లేసియర్ కనిపించే గుట్ట ఎక్కండి, మెట్లు మూడొందలకు పైనే.

మీరు డ్రైవింగ్ చేయాలా వద్దా అంటే, తప్పకుండా చేయాలి. అక్కడా మనలాగే ఎడమవైపే నడపడం, స్టీరింగ్ కుడివైపే. అద్దె కాగితంలో రెండో డ్రైవరుగా మీ పేరు రాయించండి. పేరు లేకుండా నడిపితే ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్స్ వర్తించదు. ఇద్దరి లైసెన్సులూ అసలు కార్డులే పట్టుకెళ్లాలి, ఫోన్‌లో చూపిస్తే కుదరదు. కార్డు ఇంగ్లీషులో లేకపోతే అధికారిక అనువాదమో, ఇంటర్నేషనల్ పర్మిట్టో జత చేయాలి.

మీరు మొదలుపెట్టడానికి మంచి దారి పుకాకి చెరువు వెంట మౌంట్ కుక్‌కు వెళ్లే 55 కిలోమీటర్లు. చివర ఆ ఊరే తప్ప ముందుకు దారి లేదు కాబట్టి లారీల తాకిడి ఉండదు. మలుపులు తక్కువ, ముందేముందో దూరం నుంచే కనిపిస్తుంది. తర్వాత మాస్‌బర్న్ మీదుగా టె అనౌ వెళ్లే రోడ్డు. క్రౌన్ రేంజ్, మిల్‌ఫర్డ్, హాస్ట్, ఒటిరా కొండదారులు మీవారికి వదిలేయండి. ఆటోమేటిక్ కారైనా సరే, ఈ దారుల దిగుళ్లలో బ్రేకు మీద కాలు అలాగే ఉంచకూడదు. బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. గేరును ఎల్‌లోకో మాన్యువల్‌లోకో మార్చి, ఇంజిన్ చేతే వేగం తగ్గించాలి.

ఒంటి వరస వంతెనలు మనవాళ్లను తికమక పెడతాయి. వెస్ట్ కోస్ట్‌లో ఇవి వరసగా వస్తాయి. ముందుగా ఒక బోర్డు కనిపిస్తుంది. ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో మీవైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఆగాల్సింది మీరు. నీలం బోర్డులో మీవైపు బాణం పెద్దదిగా, తెల్లగా ఉంటే ముందు హక్కు మీది. ఆగాల్సింది మీరైతే రోడ్డు మీద గీసిన తెల్లగీత దగ్గరే నిలపాలి. వంతెన మొదట్లోకి వెళ్లి ఆగితే అవతలి బండికి దిగడానికి చోటుండదు. హక్కు మీదైనా, అవతలివాళ్లు అప్పటికే వంతెన ఎక్కేసి ఉంటే రానివ్వండి. లైట్లు కొట్టి, హారన్ మోగించి దూసుకుపోవడం అక్కడ పనికిరాదు. ఎదుటివాళ్లు లైటు కొట్టారంటే చాలావరకు మీకు దారి ఇచ్చారనో, ముందు ప్రమాదముందనో అనుకోవాలి.

వెనక బండ్లు పోగైతే ఎడమవైపు ఆగే చోటు చూసి తప్పుకోండి. ఇది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. మీవైపు పసుపు గీత నిండుగా ఉంటే ఓవర్‌టేక్ నిషేధం. పిల్లల్ని ఎక్కించుకోవడానికి ఆగిన స్కూల్ బస్సును ఏవైపు నుంచి దాటినా వేగం 20కి మించకూడదు. నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే 150 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. అందుకే దారి చెప్పే పని పూర్తిగా పక్కసీటుదే. ఇద్దరూ ముందే ఒక మాట అనుకోండి: ఎవరు ఆపమన్నా ఆపాల్సిందే, కానీ రోడ్డు మీద కాదు, తర్వాత వచ్చే ఆగే చోటులో. పర్యాటకుల కార్లు సగం రోడ్డు మీద, సగం గడ్డిలో ఆపి ఫోటోలు దిగుతుంటే వెనక మలుపులోంచి లారీ వస్తుంది. నాలుగు చక్రాలూ తెల్ల అంచుగీతకు ఎడమవైపు పూర్తిగా దిగితేనే ఆగినట్టు లెక్క.

హోమర్ టన్నెల్ దగ్గరా, ఆర్థర్స్ పాస్‌లోనూ కీయాలనే ఆకుపచ్చ కొండ చిలుకలు మీ కారు మీదికే వస్తాయి. తెలివైన పక్షి. అద్దం అంచు రబ్బరులోకి ముక్కు దూర్చి, కాలితో అదిమిపట్టి, పొడుగాటి పేలికలుగా లాగేస్తుంది. వైపర్ బ్లేడూ, యాంటెనా దానికి ఆటవస్తువులే. ఆ నష్టానికి అద్దె కంపెనీ మీ దగ్గరే వసూలు చేస్తుంది. ఆగినప్పుడు కిటికీలు మూసి, ఒకరు కారు దగ్గరే ఉండండి. బ్రెడ్డో చిప్సో వేయకండి. అంతరించిపోయే ప్రమాదంలో ఉన్న పక్షి అది, మనుషుల తిండికి అలవాటుపడి రోడ్ల మీదే తిరుగుతూ కార్ల కింద పడుతోంది.

వెస్ట్ కోస్ట్‌లో కారు ఆపిన నిమిషానికి శాండ్‌ఫ్లైలనే చిన్న కుట్టే ఈగలు చుట్టుముడతాయి. కుట్టినచోట దురద రోజుల తరబడి పోదు. మనం నడుస్తుంటే ఇవి తక్కువ, నిలబడితే ఎక్కువ, గాలి వీస్తే కనపడవు. డీట్ గానీ పికారిడిన్ గానీ ఉన్న, పురుగుల్ని దూరంగా ఉంచే మందు పాదాలకు, మడమలకు మరచిపోకుండా రాయండి. ఫాక్స్, ఫ్రాంజ్ జోసెఫ్ హిమానీనదాలు బాగా వెనక్కి తగ్గిపోయాయి. నడిచి మంచు మీదికి వెళ్లే రోజులు పోయాయి, ఇప్పుడు హెలికాప్టర్ ఒక్కటే దారి. డబ్బు పెట్టాలనుకుంటే పెట్టండి. పెట్టకపోయినా మాథిసన్ చెరువు చుట్టూ తెల్లవారుజామున గంటన్నర నడక చాలు. గాలి లేస్తే ప్రతిబింబం చెదిరిపోతుంది, ఎనిమిదిలోపే వెళ్లాలి. ఈ దారిలో ట్యాంకు సగానికి దిగితే కనిపించిన బంకులోనే నింపుకోండి, ముఖ్యంగా వానకాలోనూ హాస్ట్‌లోనూ. రాత్రి మనుషులు లేని బంకుల్లో పిన్ ఉన్న కార్డే పనిచేస్తుంది.

క్యాంపర్‌వాన్ మీకు వద్దు. ఎక్కుళ్లలో నెమ్మది, ఈదురుగాలికి ఊగుతుంది. నచ్చినచోట ఆపి పడుకోవచ్చన్నది నిజం కాదు. బయట చాలాచోట్ల ఆపాలంటే లోపల బిగించిన టాయిలెట్ ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి, అదీ అనుమతించిన చోట్లలోనే. తప్పితే జరిమానా 400 డాలర్ల నుంచి మొదలు. టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసుకోవడం కూడా మీ పనే. మామూలు ఆటోమేటిక్ కారు తీసుకుని మోటెళ్లలో దిగండి. చాలా మోటెల్ గదుల్లో పొయ్యి, ఫ్రిజ్, గిన్నెలతో చిన్న వంటిల్లు ఉంటుంది. సాయంత్రం అన్నం వండుకుంటే హాయిగా ఉంటుంది, చిన్న ఊళ్లలో రెస్టారెంట్లు తొందరగా మూసేస్తారు కూడా. కారు తీసుకునేటప్పుడు నాలుగువైపులా, టైర్లు, అద్దం వీడియో తీసుకోండి. స్టెప్నీ ఉందో లేదో అడగండి, కొన్ని కార్లలో పంక్చర్ కిట్టు మాత్రమే ఉంటుంది. క్వీన్స్‌టౌన్ దగ్గర స్కిప్పర్స్ రోడ్డు లాంటి కొన్ని మట్టిదారులకు ఇన్సూరెన్స్ వర్తించదని కాగితంలో రాసి ఉంటుంది, చదివి సంతకం చేయండి. సూట్‌కేసులు డిక్కీలో పట్టి, మూత మూసుకునేంత కారు చూసుకోండి. నడకదారుల మొదట్లో ఆపిన కార్లలో సామాను బయటికి కనిపిస్తే దొంగతనాలు జరుగుతాయి.

పొడులు, పచ్చళ్ల విషయంలో ఒకటే నియమం: తినేది ఏదున్నా డిక్లరేషన్‌లో ఉందని రాయాలి. రాస్తే చూసి వదిలేస్తారు, లేదా తీసి పారేస్తారు, అంతే. రాయకుండా దొరికితే అక్కడికక్కడే 400 డాలర్లు. ఇంట్లో కొట్టిన పొడికంటే, పదార్థాలు ఇంగ్లీషులో ముద్రించిన సీలు ప్యాకెట్ అయితే త్వరగా తేలుతుంది. తేనె, పండ్లు, పచ్చి కరివేపాకు, మొలకెత్తే గింజలు, పాల స్వీట్లు అసలు పెట్టుకోవద్దు. బియ్యం, పప్పులు క్రైస్ట్‌చర్చ్‌లోని భారతీయ సరుకుల కొట్లలో దొరుకుతాయి. బూట్లకు మట్టి లేకుండా కడిగి, వాటినీ డిక్లేర్ చేయండి, అరికాలి గాళ్లలోని మట్టిని కూడా చూస్తారు.

ప్రమాదం జరిగితే నంబరు 111. ప్రమాదంలో తగిలిన దెబ్బల చికిత్స ఖర్చులో చాలా భాగం ఏసీసీ అనే ప్రభుత్వ పథకం పర్యాటకులకూ భరిస్తుంది. గుండెనొప్పో, జ్వరమో వస్తే భరించదు. మీ వయసుకు ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లకండి.

వీసాకు దరఖాస్తు ముందు పెట్టండి, భారతీయ పాస్‌పోర్టుకు విజిటర్ వీసాయే కావాలి. గదులు మాత్రం వీసా వచ్చేదాకా ఆగక, డబ్బు వాపసు వచ్చే పద్ధతిలో ఇవాళే పట్టుకోండి. మొదట మౌంట్ కుక్, తర్వాత టె అనౌ, తర్వాత ఫాక్స్. ఫిబ్రవరి, మార్చిలో ముందుగా నిండిపోయేవి అవే. ఆ మూడూ దొరికిన తేదీలను బట్టి కారు బుక్ చేయండి, మిల్‌ఫర్డ్ పడవ ఆఖరున.